వెలుతురు కొలిచే విద్య

నలభై దాటి ఫోటోగ్రఫీ విద్యార్థినైన నాకు పట్టుబడిన మొదటి పాఠం వెలుతురు కొలవడం. కెమెరాలోని మీటరుది మొండి లెక్క. ఎదుట ఉన్నది తెల్లచీరయైనా, నల్లగొంగళియైనా, పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిరిగి పంపే బూడిదరంగనే దాని నమ్మకం. మన పెళ్ళి గ్రూపు ఫోటోల సంగతి చూడండి. తెల్లపంచెలు, తెల్లచీరలు, వెనుక సున్నం వేసిన గోడ! ఆ తెలుపంతా చూచి మీటరు వెలుతురు తగ్గించమంటుంది. పంచెలు మాసినట్లు, ముఖాలు మసిబారినట్లు వస్తాయి. నలుపన్న నింద మాత్రం మనిషికి!

మందు సులువే. ముఖం దగ్గరకు పోయి కొలవాలి. లేదా అదే వెలుతురులో అరచేయి కొలిచి, సామాన్యంగా ఒక స్టాపు ఎక్కువ, అనగా రెట్టింపు వెలుతురు ఇవ్వాలి. మేనిచాయ ఏదైనా అరచేతుల్లో భేదం తక్కువ గదా.

బరంపురంలో మా పెద్దమ్మకు డెబ్భైయెనిమిదేళ్ళు. "నల్లదాన్ని, నాకెందుకురా ఫోటో?" అని ప్రతి పెళ్ళిలోనూ వెనక్కు తప్పుకొనేది. మొన్న కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆమె అరచేయి కొలిచి తీశాను. బుగ్గల ముడతలు, ముక్కుపుడక, చేతిమీది పచ్చబొట్టు అన్నీ తేటగా వచ్చాయి. చాలాసేపు చూచి, కాగితం వెనక్కు తిప్పింది.

"ఇక్కడ నా పేరు రాయరా. తరువాతి వాళ్ళకు తెలియొద్దూ?"