ధర్మపురిలో మునిగి... అంతర్వేదిలో తేలాం!

బయల్దేరింది ధర్మపురి నరసింహస్వామి దర్శనానికి. సాయంత్రానికి ఇంటికొచ్చి అన్నం వండుకోవాలన్నది లెక్క. కానీ ఇల్లు చేరేసరికి ఐదురోజులైంది. గోదారి దారి పట్టుకుని అంతర్వేది దాకా, అక్కణ్నుంచి తీరం వెంట ఉప్పాడ దాకా వెళ్లొచ్చాం. అదీ... బట్టల సంచి కూడా లేకుండా!

మాది సిరిసిల్ల. అమ్మ ఉండేది కోరుట్లలో. తమ్ముడు పద్నాలుగేళ్లుగా మస్కట్‌లో పనిచేస్తున్నాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. ఈసారి వచ్చి అప్పుడే నెల కావస్తోంది. మళ్లీ విమానమెక్కే ముందు ధర్మపురిలో మొక్కు తీర్చాలంది అమ్మ. పిల్లలకు సంక్రాంతి సెలవులు. సాంచాలకు పనిలేక మా ఆయనా ఖాళీగానే ఉన్నారు. కారులో మేము వేములవాడ మీదుగా జగిత్యాల చేరాం. అమ్మ, తమ్ముడు కోరుట్ల నుంచి బస్సులో అక్కడికే వచ్చారు. అందరం కలిసి ధర్మపురి వెళ్లాం.

స్నానాలయ్యాయి. స్వామి దర్శనం అయింది. పక్కనే ఉన్న యమధర్మరాజు గుడికీ వెళ్లాం. ఆయనకు గుడి ఉన్న చోట్లు బహుతక్కువ. తిరిగొచ్చి రేవు మెట్ల మీద కూర్చుని అమ్మ సీసాలో గోదారి నీళ్లు నింపుకుంటూ అడిగింది.

''గీ నీళ్లు ఆఖరుకు యాడికి పోతయిరా?''

''సముద్రంలకే అమ్మా.''

''నువ్వు దాటిపోయే సముద్రమేనా?''

''అది పడమటి దిక్కు. గిది తూర్పు దిక్కు. నీళ్లన్నీ యాడనో ఓకాడ కలుస్తయి.''

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా అంది... ''నేను ఒక్కసారి కూడ సూడలే.''

నిజమే. అరవై ఆరేళ్ల వయసులో అమ్మ చూసిన పెద్ద నీళ్లంటే ధర్మపురి గోదారి, పోచంపాడు డ్యామూ. నాన్న పోయాక బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. కొడుకుని సముద్రం అవతలికి పంపింది. ఆ సముద్రం ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. మా ఆయన కారు తాళాలు తీసుకుని లేచారు. ''పోదాం పా అత్తమ్మా. నీళ్లు ఎటు పోతే మనమూ అటే'' అన్నారు. నవ్వులాటకేమో అనుకున్నాం. కారు నిజంగానే కరీంనగర్ దారి పట్టింది!

నీళ్ల కన్నా ముందు...

కరీంనగర్‌లో ఆగి తలా రెండు జతల బట్టలు, తువ్వాళ్లు, పళ్లపొడి కొనుక్కున్నాం. వరంగల్, ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట... నాలుగొందల కిలోమీటర్ల పైనే ప్రయాణం. పండక్కి ఊళ్లకెళ్లే రద్దీ అంతా విజయవాడ హైవే మీదే కాబట్టి మా దారి హాయిగానే సాగింది. కొవ్వూరు దగ్గర రోడ్డు కమ్ రైలు వంతెన ఎక్కేసరికి రాత్రి పది. 1974 నుంచి వాడుకలో ఉన్న వంతెన అది. పైన మేము, కింద రైలు, ఆ కింద గోదారి. ఆ చివరెప్పుడొస్తుందా అని పిల్లలు లెక్కపెడుతూ నిద్రపోయారు.

పొద్దున్నే ధవళేశ్వరం. ఆర్థర్ కాటన్ 1852 నాటికి పూర్తిచేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది కొత్త బ్యారేజీ. గోదారి పాయలుగా విడిపోయేది ఇక్కడే. ''గివి మన ధర్మపురి నీళ్లేనా?'' అమ్మ సందేహం. మనవీ ఉన్నాయి, కాళేశ్వరం దగ్గర కలిసిన ప్రాణహితవీ ఉన్నాయి, ఆ తరవాత కలిసిన ఇంద్రావతి, శబరివీ ఉన్నాయి అన్నాడు తమ్ముడు. నాసిక్ దగ్గర త్య్రంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే నదిలో మా ఊరి వాటా ఎంతని చెప్పగలం!

పంటు మీద కారు

సిద్ధాంతం, పాలకొల్లు మీదుగా నర్సాపురం. అక్కడో ఇంటి అరుగు మీద ఆడవాళ్లు కొక్కెంసూదితో లేసు అల్లుతుంటే అమ్మ కారు ఆపించింది. ఓ ముసలమ్మ పక్కన కూర్చుని, రోజుకి ఎంత అల్లుతారు, ఎంత గిడుతుంది, నడుము నొస్తదా... అన్నీ అడిగింది. ఆమె గోదారి యాస అమ్మకి సగమే అర్థమైంది. అమ్మ మాటలు ఆమెకీ అంతే. అయినా అరగంట మాట్లాడుకున్నారు. ''మన బీడీల చాట లెక్కనే'' అంది అమ్మ కారెక్కుతూ.

రేవులో కారుని పంటు మీదికి ఎక్కించి వశిష్ఠ గోదావరి దాటాం. ఆవలి ఒడ్డు సఖినేటిపల్లి. కొబ్బరితోటల మధ్య నుంచి అంతర్వేది. వశిష్ఠుడి తపస్సుకు అడ్డుపడిన రక్తవిలోచనుణ్ని నరసింహస్వామి సంహరించిన చోటని స్థలపురాణం. ధర్మపురిలోనూ లక్ష్మీనరసింహుడే, ఇక్కడా ఆయనే. ''మనకన్న ముందే వచ్చి కూసున్నడు'' అంటూ అమ్మ దండం పెట్టింది.

గుడి నుంచి సాగరసంగమానికి నడిచాం. ఇసుక దిబ్బ ఎక్కగానే ఎదురుగా... సముద్రం! పిల్లలు కేకలేస్తూ పరుగెత్తారు. అమ్మ మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఒక అల వచ్చి పాదాలు తడిపి వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుక లాగేసరికి తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

''నీ రూము కాడ గిట్లనే ఉంటదారా?''

''రూముకు దగ్గర్నే ఉంటదమ్మా. పద్నాలుగేండ్లల్ల నాలుగైదుసార్లు పోయుంటా. డ్యూటీ, వంట, నిద్ర... పోవాలన్పియ్యదు.''

అంతకుముందెప్పుడూ వాడు అలా చెప్పలేదు. ఫోన్‌లో ఎప్పుడడిగినా 'మంచిగున్న' అనేవాడంతే. ఆరోజు ఇసుకలో కూర్చుని, ఎండాకాలంలో కట్టడాల మీద ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలే సంగతి, ఒక్క గదిలో ఎనిమిదిమంది పడుకునే సంగతి అన్నీ చెప్పాడు. అమ్మ ఏడవలేదు. అన్నీ విని, ధర్మపురి సీసా మూత తీసి సగం నీళ్లు అలలో కలిపింది. మిగతా సగం మళ్లీ మూత పెట్టి సంచిలో వేసుకుంది.

పండగ రోజులు కదా, బస దొరకడం కష్టమైంది. తిరిగి తిరిగి చివరికి ఓ సత్రంలో ఒక గది సంపాదించాం. ఆరుగురం చాపల మీద పడుకున్నాం. ''గిది నా రూము లెక్కనే ఉంది'' అని తమ్ముడంటే అందరం నవ్వాం. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది.

కోరంగి కథ

భోగిమంటలు చూసుకుంటూ రాజోలు, అమలాపురం దాటి, ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి మీదుగా యానాం చేరాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరిది. ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగమే. అక్కణ్నుంచి కాకినాడ దారిలో కోరంగి. మడచెట్ల మధ్య చెక్కబాట మీద నడుస్తుంటే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు పిల్లలకు భలే వింతగా అనిపించాయి. ఉప్పునీటి బురదలో గాలి ఆడక చెట్టు అలా పైకి ఊపిరి తీసుకుంటుంది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు.

ఒకప్పుడు కోరంగి పెద్ద ఓడరేవు. 1839 నవంబరు తుపాను దాన్ని నేలమట్టం చేసింది. పేరు మాత్రం సముద్రం దాటింది. ఈ తీరం నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ 'కోరంగీలు' అనేవాళ్లు. ఈ సంగతి చెబితే తమ్ముడు, ''అంటే మాకన్న ముందు గల్ఫ్ వోయినోళ్లన్నమాట'' అన్నాడు.

సంక్రాంతి నాడు కాకినాడలో గొట్టం కాజా తిని ఉప్పాడ వెళ్లాం. కోత ఆపడానికి ఒడ్డున పోసిన బండరాళ్ల మీద అలలు విరిగిపడుతున్నాయి. సముద్రం అక్కడ ఇళ్లనీ రోడ్డునీ ఏళ్లుగా తింటూనే ఉంది. పండగైనా ఓ నేత ఇంటివాళ్లు మగ్గం చూపించారు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన జాందానీ నేత అది. పువ్వు పువ్వుకీ విడిగా దారం తిప్పాలి. ఒక్క చీరకి వారాలు పడుతుంది. సాంచా మీద రోజుకి పదుల మీటర్లు దించే మా ఆయన, ఆ గుంట మగ్గం ముందు గంటసేపు కదల్లేదు. ''మనది చప్పుడు, వీళ్లది ఓపిక'' అన్నారు. గిరాకీ గురించి అడిగితే మాత్రం ఆ ఇంటాయన చెప్పిన కష్టాలూ మావిలాంటివే.

మర్నాడు తెల్లవారుజామునే తిరుగు ప్రయాణం. వారం తరవాత తమ్ముడు మస్కట్ వెళ్లిపోయాడు. ఎప్పటికి తిరిగొచ్చేస్తాడో ఇప్పటికీ తెలియదు. సీసాలోని మిగతా సగం నీళ్లు అమ్మ దేవుడి గూట్లో ఉన్నాయి. ఒకటి మాత్రం మారింది. ఇప్పుడు శుక్రవారం ఫోన్ చేస్తే 'మంచిగున్నవా' అనడగదు అమ్మ.

''సముద్రం కాడికి పోయినవా?'' అంటుంది. వాడు ఎక్కువసార్లు పోయిన అనే చెబుతున్నాడు.

మీరూ వెళ్తే...

- జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్, ఖమ్మం, సత్తుపల్లి, కొవ్వూరు మీదుగా రాజమండ్రి వెళ్లొచ్చు.
- పంటు వద్దనుకుంటే రావులపాలెం, రాజోలు దారిలో అంతర్వేది చేరొచ్చు.
- సంక్రాంతికీ, స్వామి కల్యాణం జరిగే భీష్మ ఏకాదశి రోజుల్లోనూ గదులు దొరకడం కష్టం. మాలా కాకుండా ముందే చూసుకోండి.
- సంగమం దగ్గర నీటి లాగుడు ఎక్కువ. పిల్లల్ని లోపలికి దిగనివ్వొద్దు.