అమెరికాలో రేబిస్: భయపడాల్సింది కుక్కకు కాదు, గబ్బిలానికి

రేబిస్ అనగానే మనకు పిచ్చికుక్కే గుర్తొస్తుంది. వీధికుక్కల మధ్య పెరిగి అమెరికా వెళ్లినవాళ్లకు అక్కడ రోడ్ల మీద ఒక్క కుక్క కూడా ఒంటరిగా కనిపించకపోయేసరికి ఆ భయం వదిలిపోతుంది. అయితే అక్కడ జబ్బు పోలేదు, దాన్ని మోసే జంతువు మారిందంతే. ఈ తేడా తెలియక కొందరు అక్కర్లేని చోట హడావుడి పడుతుంటారు, అవసరమైన చోట ఊరుకుంటుంటారు.

అపోహ: అమెరికాలో రేబిస్ లేదు.

వాస్తవం: కుక్క నుంచి కుక్కకు పాకే రేబిస్ రకం తమ దేశంలో లేకుండా పోయిందని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) 2007లో ప్రకటించింది. పెంపుడు కుక్కలకు ఏళ్ల తరబడి టీకాలు వేయించిన ఫలితమది. అడవి జంతువుల్లో మాత్రం వైరస్ అలాగే ఉంది. గబ్బిలాలు, రకూన్లు, స్కంకులు, నక్కలు దాన్ని మోస్తున్నాయి. మొత్తం 50 రాష్ట్రాల్లో రేబిస్ లేనిది హవాయి ఒక్కటే. ఆ దేశంలోనే జబ్బు సోకి చనిపోయినవాళ్లలో ఎక్కువమందికి అది గబ్బిలాల నుంచే వచ్చింది.

అపోహ: ఒంటి మీద గాటు లేదంటే గబ్బిలం కరవనట్టే.

వాస్తవం: అక్కడి గబ్బిలాలు చాలావరకు పురుగుల్ని తిని బతికే చిన్న జాతులు. వాటి పళ్లు ఎంత సన్నమంటే, కరిచిన గుర్తు కంటికి ఆనకపోవచ్చు. నిద్రలో ఉన్నవాళ్లకు కరిచిన సంగతే తెలియకపోవచ్చు. అందుకే నిద్ర లేచేసరికి గదిలో గబ్బిలం ఉన్నా, మాటలు రాని పసిబిడ్డ ఒక్కతే ఉన్న గదిలో కనిపించినా, గాయం లేదని ఊరుకోకుండా వెంటనే డాక్టరునో కౌంటీ ఆరోగ్య విభాగాన్నో అడగాలి. సాయంత్రం పెరట్లో తల మీదుగా ఎగిరి వెళ్లిందని మాత్రం టీకా వేయించుకోనక్కర్లేదు. దాని రెట్ట వల్ల రేబిస్ రాదు.

అపోహ: చీపురుతో కొట్టి చంపేస్తే పీడ విరగడవుతుంది.

వాస్తవం: అది ఎవరినీ తాకలేదని కచ్చితంగా తెలిస్తే కిటికీ తెరిచి బయటికి పోనివ్వొచ్చు. తాకిందేమోనన్న అనుమానం ఉంటే దాన్ని వదలకూడదు, తల చితకనివ్వకూడదు. రేబిస్ పరీక్ష చేసేది మెదడు మీదే. మందపాటి చేతితొడుగులు వేసుకుని, గోడ మీద వాలినప్పుడు దానిమీద డబ్బా బోర్లించి, కింద నుంచి అట్ట జొప్పించి మూసేయాలి. చేతకాదనిపిస్తే జంతు నియంత్రణ సిబ్బందిని పిలవాలి. పరీక్షలో రేబిస్ లేదని తేలితే ఇంజెక్షన్ల అవసరమే ఉండదు.

అపోహ: ఉడుత గీరినా, పక్కింటి కుక్క కరిచినా ఆ పూటే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి.

వాస్తవం: ఉడుతలు, ఎలుకలు, కుందేళ్లలో రేబిస్ దాదాపు కనిపించదు. ఎవరో పెంచుకునే కుక్కో పిల్లో కరిచి, అది ఆరోగ్యంగా ఉంటే, అమెరికాలో దాన్ని 10 రోజులు గమనిస్తారు. ఆ గడువులో అది మామూలుగానే ఉంటే కరిచిన రోజున దాని లాలాజలంలో వైరస్ లేనట్టే. అయితే ఈ లెక్క మన ఊళ్లో పనికిరాదు. ఇక్కడ వీధికుక్క కరిస్తే టీకా ఆ రోజే మొదలుపెట్టాలి.

అపోహ: బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడుస్తారు.

వాస్తవం: అది గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకా నాటి మాట. భారతదేశం దాన్ని రెండు దశాబ్దాల కిందటే ఆపేసింది. ఇప్పుడు అమెరికాలో 0, 3, 7, 14 రోజుల్లో నాలుగు డోసులు భుజానికి వేస్తారు. టీకా పనిచేయడం మొదలయ్యేలోపు రక్షణగా తొలిరోజు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఎక్కిస్తారు. గతంలో పూర్తి కోర్సు తీసుకున్నవాళ్లకు 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు. గర్భిణులు కూడా నిస్సంకోచంగా వేయించుకోవచ్చు.

అపోహ: ఊరెళ్లినప్పుడు మొదలుపెట్టిన కోర్సు అమెరికాలో చెల్లదు.

వాస్తవం: ఇక్కడా అక్కడా ఇప్పుడు వాడే టీకాలన్నీ ప్రయోగశాలలో కణాల్లో పెంచిన వైరస్‌తో తయారైనవే. ఒక దేశంలో మొదలుపెట్టి ఇంకో దేశంలో పూర్తిచేయొచ్చు. అయితే చీటీ జాగ్రత్తగా ఉంచుకోవాలి. టీకా పేరు, తేదీలు, ఇచ్చింది కండరానికా చర్మం పొరల్లోకా, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చారా లేదా అన్నవి అందులో రాయించుకోవాలి. ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వకపోయి ఉంటే, మొదటి డోసు పడిన ఏడో రోజు వరకూ ఇవ్వొచ్చు.

అపోహ: గాయానికి కారం, సున్నం పెట్టాలి, ఇంజెక్షన్లు అయ్యేదాకా పథ్యం చేయాలి.

వాస్తవం: కారం, సున్నం, ఆకుపసరు గాయాన్ని ఇంకా పాడుచేస్తాయి. చేయాల్సింది ఒక్కటే: ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. మాంసం, గుడ్లు, వంకాయ ఏది తిన్నా టీకా పనికి అడ్డం రాదు.

అపోహ: లక్షణాలు కనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు. ఊరికే బిల్లెందుకు?

వాస్తవం: అమెరికాలో ఈ చికిత్సకు వేల డాలర్లవుతాయి. చాలా అర్జెంట్ కేర్ క్లినిక్‌లలో ఇమ్యునోగ్లోబులిన్ ఉండదు కాబట్టి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లాల్సి వస్తుంది. వైరస్ నరాల వెంట మెదడు చేరడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. అంతకన్నా త్వరగానూ చేరవచ్చు. కరిచి వారాలు గడిచినా, లక్షణాలు రానంతవరకూ టీకాకు ఆలస్యమైపోయినట్టు కాదు. లక్షణాలు మొదలయ్యాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు. 2021 ఆగస్టులో ఇల్లినాయ్‌లో 80 ఏళ్లు దాటిన ఒకాయన నిద్ర లేచేసరికి మెడ మీద గబ్బిలం ఉంది. దాన్ని పట్టి పరీక్షిస్తే రేబిస్ ఉందని తేలింది. టీకా వేయించుకోమని చెప్పినా ఆయన వద్దన్నారు. నెల తర్వాత లక్షణాలు మొదలై చనిపోయారు. ఇన్సూరెన్సుతోనూ ఆసుపత్రితోనూ బిల్లు గురించి తర్వాతైనా మాట్లాడుకోవచ్చు, ముందు టీకా పడాలి.