కంప్యూటరును హోమ్ థియేటరునకు కలుపుట

నేడు అనేక గృహములలో పిల్లల పాఠములును, పెద్దల పాటలును కంప్యూటరునుండియే వినబడుచున్నవి. సౌండుకార్డు వెలువరించు విద్యుత్తరంగము మిక్కిలి బలహీనమైనది. పెద్ద స్పీకర్లను కదలింపజాలదు. అందుచేత దానిని హోమ్ థియేటరు రిసీవరునకు పంపవలెను.

కార్డునందలి ఆకుపచ్చ రంధ్రమున 3.5 మిల్లీమీటర్ల పిన్నును, ఆ తీగ రెండవ కొననున్న ఎఱుపు, తెలుపు పిన్నులను రిసీవరు వెనుక ‘ఆక్స్’ లేక ‘సీడీ’ అని వ్రాసియున్నచోటను గ్రుచ్చవలెను. ‘ఫోనో’ అనుచోట గ్రుచ్చరాదు. అది గ్రామఫోను ముల్లునుండి వచ్చు అతిసూక్ష్మ తరంగమునకై ఏర్పడినది. కంప్యూటరు ధ్వని అచట బొంగురుపోవును.

కలిపినంతనే గుయ్యిమను రొద వినబడినచో, పెక్కురు కార్డు చెడినదని క్రొత్తది కొందురు. అది వృథావ్యయము. రెండు యంత్రములును వేఱువేఱు చోట్ల ఎర్తు పొందినపుడు, వాని నడుమ స్వల్పవిద్యుత్తు ఈ తీగగుండ పాఱి రొద పుట్టించును. రెంటిని ఒకే సాకెట్టు పలకకు తగిలించినచో తఱచుగ తగ్గును. కొందఱు ఎర్తు పిన్నునే విఱిచివేయుదురు! రొద పోవునేమో కాని, యంత్రమునందు లోపము కలిగిననాడు దానిని తాకిన పిల్లవానికి ప్రాణాపాయము. ఆప్టికల్ త్రాడు ఇంతకంటె మేలు. అందు నడచునది వెలుతురేగాని విద్యుత్తు కాదు. రొదకు ఆ దారి మూసికొనిపోవును.

అయితే ఆప్టికల్ త్రాటిలో కుదింపని ధ్వని రెండు ఛానెళ్ళే పోవును. సినిమాల ఆఱు ఛానెళ్ళు డాల్బీ లేక డీటీఎస్ రూపమున కుదించియుండవలెను. హెచ్.డి.ఎమ్.ఐ. త్రాడు ఎనిమిదింటిని కుదింపకయే మోయును. పాఠములకు, పాటలకు రెండు చాలును.

ఏ త్రాడైనను గ్రుచ్చుటకు ముందు రిసీవరును ఆపి, వాల్యూము పూర్తిగ తగ్గింపవలెను.