వీడియో పాఠాల అన్వేషణ: భారతీయ లిపులకు ఒకే పరిష్కారం

గ్రంథాలయంలో పుస్తకం ఉన్నంత మాత్రాన పాఠకునికి ప్రయోజనం సిద్ధించదు. కోరినప్పుడు అది చేతికి అందవలెను. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో పాఠకుని కాలాన్ని ఆదా చేయడం ఒకటి కావడానికి కారణం ఇదే. నేడు పాఠాలు పుస్తకాలలోనే గాక వీడియోలలోను లభిస్తున్నవి. ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ పథకం వేలాది ఉపన్యాసాలను ఉచితంగా అందిస్తున్నది. ఇట్టి సంపద పెరిగిన కొలది అందులో కావలసినదానిని పట్టుకోవడం కష్టమవుతుంది. వెదికినా దొరకని పాఠం లేని పాఠంతో సమానం.

సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పాత్ర

ప్రతి పనినీ మొదటి నుండి చేసుకోనక్కరలేకుండా, ప్రోగ్రాములు రాసేవారి కొరకు ముందే తయారుచేసి పరీక్షించి ఉంచిన ఆదేశాల సంపుటినే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అంటారు. వీడియో అన్వేషణకు ఉద్దేశించిన లైబ్రరీ మధ్యవర్తి వంటిది. విద్యార్థి టైపు చేసిన పదాన్ని అది యూట్యూబ్ వంటి భాండాగారానికి నివేదించి, వచ్చిన జవాబు నుండి శీర్షిక, నిడివి, ఛానెల్ పేరు మొదలైన వివరాలను క్రమపరచి అందిస్తుంది.

ఈ పనికి రెండు మార్గాలున్నవి. మొదటిది, వెబ్ పుటనే చదివి వివరాలను ఏరుకోవడం. పుట అమరిక మారిన మరుక్షణం ఈ మార్గం మూసుకొనిపోతుంది. పైగా అది సంస్థ నిబంధనలకు విరుద్ధం కావచ్చును. రెండవది, సంస్థ స్వయంగా తెరచి ఉంచిన ‘ఏపీఐ’ అనే ద్వారం. ఇది మరింత నమ్మదగినది. అయినా శాశ్వతం కాదు. యూట్యూబ్ ఏపీఐ రెండవ రూపాన్ని 2015లో ఉపసంహరించినప్పుడు, దానిపై ఆధారపడిన లైబ్రరీలన్నీ మూడవ రూపానికి అనుగుణంగా మారవలసి వచ్చింది.

పొదుపు అవసరం

ఈ ద్వారం గుండా ఎన్నిసార్లయినా వెళ్ళి రావడానికి వీలులేదు. 2020 తరువాతి సంవత్సరాలలో అమలైన నియమం ప్రకారం, ఉచితంగా వినియోగించుకొనే ప్రాజెక్టుకు రోజుకు 10,000 యూనిట్లు లభిస్తాయి. ఒక్కొక్క అన్వేషణకు 100 యూనిట్లు ఖర్చు. అనగా ఒక కళాశాల మొత్తానికి రోజుకు 100 అన్వేషణలు మాత్రమే. అయితే ఒక ఛానెల్ ప్రచురించిన వీడియోల పట్టికను ఒకసారికి 50 చొప్పున ఒక్క యూనిట్‌తోనే తెప్పించుకోవచ్చును. కనుక ఉపన్యాసాలు ఏ ఛానెల్‌లో ఉన్నవో తెలిసినప్పుడు, లైబ్రరీ ఆ పట్టికను తెచ్చి అందులోనే వెదకడం మేలు. ఇట్లు మిగిలిన యూనిట్లు మరొక ముఖ్యమైన పనికి అక్కరకు వస్తాయి.

ఒకే పదం, వేర్వేరు రూపాలు

యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించబడినవి. ‘వైద్యం’ అన్న పదంలోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా భద్రపరచవచ్చును. లేదా ఎత్వమును, దాని క్రింద చేరే మరొక గుర్తును విడివిడిగా ఉంచవచ్చును. కంటికి రెండూ ఒక్కటే. యంత్రానికి మాత్రం అవి వేర్వేరు పదాలు. విద్యార్థి ఒక రూపంలో అడిగి, శీర్షిక మరొక రూపంలో ఉన్నట్లయితే, ఉన్న పాఠమే లేదని జవాబు వస్తుంది.

ఇది తెలుగుకు మాత్రమే పరిమితమైన చిక్కు కాదు. తమిళం, కన్నడం, మలయాళం, బెంగాలీ, ఒడియా లిపులలోని ఒత్వ, ఓత్వాలకు, శ్రీలంకలోని సింహళ లిపికి సైతం ఇదే పరిస్థితి ఉన్నది. ఇందుకు యూనికోడ్ ప్రమాణమే ‘సాధారణీకరణ’ అనే పద్ధతిని నిర్దేశించింది. అడిగిన పదాన్ని, వచ్చిన శీర్షికలను రెండింటినీ ఒకే రూపానికి తెచ్చి పోల్చడమే ఈ పద్ధతి. లైబ్రరీలో ఈ ఒక్క సవరణ చేసినచో ఇన్ని భాషలవారికీ ఒకేసారి మేలు కలుగుతుంది.

అయితే సాధారణీకరణతో తీరని చిక్కులూ కలవు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న పదం మధ్య, టకార వకారాలు కలిసిపోకుండా కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. పోల్చునప్పుడు దానిని లెక్కించరాదు, ప్రదర్శించునప్పుడు తొలగించరాదు. హిందీలో ‘హిందీ’ అన్న మాటనే అనుస్వారంతోను, నకారంతోను రెండు విధాలుగా రాస్తారు. ఏ ఒక్కటీ తప్పు కాదు. రెండు రూపాలతోను వెదికి, ఫలితాలను పునరుక్తి లేకుండా కలిపి ఇవ్వవలెను. ఇందుకు అన్వేషణలు రెట్టింపవుతాయి. ముందు పొదుపు చేసిన యూనిట్లకు ఇంతకంటె తగిన వినియోగం లేదు.

నిరంతర కృషి

ఒకసారి రాసి విడిచిపెట్టిన లైబ్రరీ ఎంతో కాలం నిలువదు. ప్రతి మార్పుకు ముందు, భారతీయ భాషలన్నింటి నుండి ఎన్నుకొన్న పదాలతో దానిని పరీక్షించవలెను. ఇందుకు ప్రోగ్రాము రాయగలవారితోపాటు ఆయా భాషల వర్ణక్రమం ఎరిగినవారు కూడా అవసరం. తెలుగు విద్యార్థి గుర్తించిన దోషాన్ని సవరించినప్పుడు బెంగాలీ విద్యార్థికి పాఠం దొరకవచ్చును. తమిళుని సూచన కన్నడిగునికి ఉపకరించవచ్చును. తన మాతృభాషలో అడిగిన ప్రతి విద్యార్థికీ అతనికి కావలసిన పాఠం అందినప్పుడే ఈ కృషి సార్థకమవుతుంది.