కంచె మీద కెంపులు!

కొరికితే వగరు... పచ్చి వెలక్కాయే నయం! అయినా శరత్కాలం వస్తే చాలు, ఇంగ్లండ్ పల్లెల్లో బుట్టలు పట్టుకుని పొలాల కంచెల వెంట తిరుగుతారు, ‘స్లో’ పండ్ల కోసం. బ్లాక్‌థార్న్ అనే ముళ్లపొదకు కాసే ఈ నల్లటి పండ్లు చిన్న రేగుపండంత ఉంటాయి. తొలి మంచు పడ్డాకే కోయాలన్నది పెద్దల మాట. ఇప్పుడైతే ఓ రాత్రి ఫ్రీజర్లో పడేసి పని కానిచ్చేస్తున్నారు. తొక్క చిట్లిన పండ్లూ పంచదారా జాడీలో వేసి, జిన్ పోసి, అప్పుడప్పుడూ కుదుపుతూ మూణ్నెల్లు చీకట్లో ఉంచితే కెంపు రంగు దిగుతుంది. (ఆగలేనివాళ్లు క్రిస్మస్‌కే మూత తీసేస్తారు లెండి!)

చిక్కల్లా కంచెలతోనే. రెండో ప్రపంచయుద్ధం తరవాత పెద్ద యంత్రాలు తిరగడానికని వేల మైళ్ల కంచెల్ని పీకేశారు. 1997లో రక్షణ నిబంధనలొచ్చాయి. కానీ మిగిలినవాటినీ ఏటా నున్నగా కత్తిరించేస్తే కాయలెక్కడివి? ఈ పొద పూసేది కిందటేడు వేసిన రెమ్మల మీదే మరి!