ఉప్పుగాలిలో ఇంటి సంరక్షణము



కృష్ణపట్నము మొదలుకొని ముత్తుకూరు వఱకును గల ఊళ్లలో ఇల్లు కట్టుకొన్నవానికి శత్రువులు ఇద్దఱు. ఒకటి ఉప్పు, రెండవది ఎండ. దొంగ రాత్రివేళ వచ్చి పోవును. ఈ ఇద్దఱును పట్టపగలే ప్రవేశించి ఏండ్లతరబడి మనతోనే కాపురముందురు. ఈ పూట నేను ప్రసంగింపదలచినది వీరిని గూర్చియే. ఇంటి మరమ్మతునకు పెట్టు పైకమును, విద్యుత్తునకు కట్టు పైకమును మనవారు రెండు వేఱు ఖాతాలలో వ్రాసికొందురు. ఈ తీరమున ఆ రెండు ఖాతాలును ఒక్కచోటనే తేలును. ఆ చోటు మిద్దె పైభాగము. ఏడాదికి ఎన్ని మాఱులు మిద్దె యెక్కి చూచితిమని ఎవరికి వారు ప్రశ్నించుకొన్నచో, పండుగనాడు పిల్లలు గాలిపటము లెగురవేసినప్పుడు తప్ప లేదని చెప్పువారే పెక్కుమంది యుందురు.

ముందు ఉప్పు సంగతి. కండలేరు ఉప్పుటేఱు సముద్రములో కలియు ఈ ప్రాంతమున గాలిలో ఉప్పుతుంపర ఎల్లప్పుడును ఉండును. క్రొత్త తాళము ఏడాది తిరుగకమునుపే బిగిసికొనిపోవుట అందఱెఱిగినదే. తాళముపోయిన వేఱొకటి కొనవచ్చును. స్లాబులోని ఇనుపకమ్మి పోయిన ఏమి చేయుదుము?

కమ్మి ఎట్లు పాడగునో తెలిసినచో కాపాడుకొను విధము దానంతటదే తెలియును. సిమెంటు క్షారగుణము గలది. ఆ క్షారము చుట్టునున్నంత కాలము కమ్మిమీద కంటికి కానరాని పలుచని పొర ఏర్పడి త్రుప్పు పట్టనీయదు. ఉప్పు చెమ్మతోగూడి సన్నని నెఱ్ఱెలగుండ లోనికింకి, కొన్నేండ్లకు కమ్మిని చేరి, ఆ పొరను ఛేదించును. అంతట త్రుప్పు మొదలగును. త్రుప్పునకొక దుర్గుణము కలదు. తాను పుట్టిన ఇనుముకంటె అది రెండు మొదలు ఆఱు రెట్ల చోటు ఆక్రమించును. లోపల చోటు లేదు గదా! కావున సిమెంటును పగులదీసి బయటికి నెట్టును. మొదట కమ్మి వెంబడి వెండ్రుకవంటి పగులు, పిదప గోధుమవన్నె చాఱ, ఆ పిదప పెచ్చు. పెచ్చు ఊడిపడునాటికి లోపలి రోగము ముదిరి కొన్నేండ్లయి యుండును. నిద్రించువారిమీద పెచ్చు పడినదని వినునప్పుడు, పాపము, హఠాత్తుగా పడెనని జనులందురు. అది హఠాత్తుగా పడినది కాదు.

భారత ప్రమాణముల సంస్థవారు 2000 సంవత్సరమున సవరించిన 456వ ప్రమాణములో, సముద్రపుగాలికి ఎదురుగా నుండు కట్టడములందు కమ్మిపై 45 మిల్లీమీటర్ల మందము గల సిమెంటు కవచము ఉండవలెనని విధించిరి. అనగా రెండంగుళములకు కొంచెము తక్కువ. లోనాటి ఊళ్లలో చెమ్మలేని గదులకు 20 మిల్లీమీటర్లు చాలును. మేస్త్రీలు ఊరూర పని చేయువారు. లోనాటి అలవాటునే తీరమునకును తెత్తురు. కమ్మి క్రింద దొరికిన ఱాతిముక్క నెట్టి పోయుదురు. అట్లు గాక, కావలసిన మందముతో సిమెంటు బిళ్లలు ముందుగా పోసి, నానబెట్టి, వాటిని కమ్మి క్రింద నిలుపుడని యజమాని పట్టుపట్టవలెను. ఇందుకగు ఖర్చు మేస్త్రి ఒకపూట కూలికి మించదు. కలుపు నీటి విషయమున అదే ప్రమాణము, ఇనుముగల కట్టడమునకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములకు మించరాదని చెప్పుచున్నది. నాలుకకు ఉప్పగా తోచు బావినీరు స్లాబునకు పనికిరాదని స్థూలముగా గుర్తుంచుకొనుడు. ఉప్పుటేటి ఇసుకయు అంతియే. చౌకయని బండ్లతో తోలించుకొన్నవారు శత్రువును తామే చేతులార గోడలలో పాతిపెట్టుకొన్నవారగుదురు.

ఇదివఱకే కట్టిన ఇంటి మాట యేమి? మీలో పెక్కుమందికి కావలసినది ఇదియే. ఒక గట్టి కఱ్ఱ తీసికొని పైకప్పును క్రిందినుండి జానెడు జానెడు దూరమున మెల్లగా తట్టి చూడుడు. నిండుధ్వని వచ్చినచో భయము లేదు. పగిలిన కుండవలె డొల్లధ్వని వచ్చినచోట సుద్దతో గీత గీయుడు. దూలములు గోడను కలియు చోటులు, స్నానపుగది పైభాగము, సముద్రమువైపు చూరు ముందుగా చూడవలసినవి. పసిబిడ్డ ఊయెల తగిలించు కొక్కెము చుట్టును తప్పక చూడుడు. గీత గీచిన చోటి క్రింద మంచము వేయవలదు.

అట్టిచోట సామాన్యముగా జరుగు వైద్యమేమనగా, మేస్త్రి వచ్చి పెచ్చు రాల్చి, పైన సిమెంటు మెత్తి, సున్నము కొట్టి పోవును. ఇది పుండు కడుగక కట్టు కట్టుటవంటిది. రెండు వర్షర్తువులు దాటకమునుపే మరల ఊడును. సరియైన పద్ధతి వేఱు. డొల్లయైన భాగమునంతయు రాల్చి, కమ్మి వెనుకవఱకును వేలు దూఱునట్లు చెక్కవలెను. తీగె బ్రష్షుతో కమ్మిని తెల్లని ఇనుము కనబడువఱకు రుద్ది, మంచినీటితో ఉప్పు పోవునట్లు కడిగి, ఆరినపిదప త్రుప్పునాపు పూత పూయవలెను. ఆపై చిక్కని సిమెంటు మిశ్రమమును, అంటుకొను జిగురు మందు కలిపి, పొరలు పొరలుగా నింపి, వారము దినములు తడి గోనెలతో చల్లబఱుపవలెను. కమ్మి ముట్టుకొనగా పొరలు పొరలుగా రాలి, మందములో అయిదవ వంతు పోయినట్లున్నచో, ఇది మేస్త్రి పని కాదు; క్రింద గుంజలు నిలిపి ఇంజనీరును పిలువుడు. అతని రుసుము దండుగయని కొందఱందురు. నా అభిప్రాయమున ఇంటిపై పెట్టు ఖర్చులలో అంత సార్థకమైనది వేఱొకటి లేదు.

తాతలనాటి మద్రాసు మిద్దెలు ఇంకను కొన్ని ఊళ్లలో నిలిచియున్నవి. టేకు దూలములపై ఇటుకలు నిలువుగా పేర్చి, గానుగసున్నములో బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపి దిమ్మిస కొట్టిన మిద్దెలవి. వీటిలో ఇనుపకమ్మి లేదు గనుక ఉప్పుచేత పగిలిపోవునను భయము లేదు. అయితే కాఱుచున్నదని వాటిపై సిమెంటు గచ్చు దట్టముగా వేయువారు మేలు చేయబోయి కీడు చేయుదురు. సున్నము ఊపిరి పీల్చును; సిమెంటు పీల్చదు. రెంటి నడుమ చెమ్మ చిక్కి దూలపు కొనలు చివుకును. సున్నమునకు సున్నమే మందు. రావిమొక్క మొలచినచో పెఱుకుటకు సంకోచింతురు. రెండాకుల దశలోనే వేరుతో తీసి చెఱువుగట్టున నాటినయెడల మిద్దెయు దక్కును, మొక్కయు బ్రదుకును.

ఈ పనులకు కాలమెప్పుడు? నెల్లూరుసీమకు ముఖ్యమైన వాన ఈశాన్య ఋతుపవనముతో, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వచ్చునది. తుపానులును అప్పుడే. 1989 నవంబరులో కావలివద్ద తీరము దాటిన తుపాను మీకందఱకును జ్ఞప్తియందుండును. కావున భాద్రపదము దాటకమునుపే మిద్దెమీది నెఱ్ఱెలు పూడ్చి, తూములలోని ఆకులు తీసివేయవలెను. రెండు కడవల నీరు పోసి, నీరు నిలిచినచోట బొగ్గుతో గీత గీచి, అక్కడ వాలు సరిచేయింపవలెను. నిలిచిన నీరే ఉప్పునకు వాహనము.

ఫాల్గుణములో రెండవ పని కలదు. ఇది ఎండకు విరుగుడు. మిద్దెను శుభ్రముగా ఊడ్చి, కడిగి, గుల్లసున్నమును నానబెట్టి, బట్టలో వడియగట్టి, తుమ్మబంక కలిపి, అడ్డముగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఇంకొకసారి అడ్డముగా పూయవలెను. అంటుకొనుటకై సున్నములో ఉప్పు వేయు అలవాటు కొన్నిచోట్ల కలదు. కమ్మిగల స్లాబుపై ఆ పని ఎన్నడును చేయవలదు. నల్లబడిన సిమెంటు మిద్దె నడివేసవి మధ్యాహ్నమున కాలు మోపరానంత కాగి, ఆ వేడిని రాత్రి చాలసేపటి వఱకు గదిలోనికి దింపును. తెల్లని మిద్దె ఎండలో అధికభాగమును ఆకాశమునకే త్రిప్పి పంపును. ఇంటి నిర్మాణమునుబట్టి క్రింది గదిలో 2 మొదలు 5 డిగ్రీల వఱకు తేడా కనబడును. తెలంగాణ ప్రభుత్వమువారు 2023లో చల్లని పైకప్పులకై ప్రత్యేక విధానమొకటి ప్రకటించిరి. అందులోని సారమును మన అవ్వలు సంక్రాంతి సున్నముతోనే ఎఱుగుదురు, గోడలకే పూసిరి గాని మిద్దెకు పూయరైరి, అంతియే తేడా.

గది చల్లబడినచో విద్యుత్తు ఖాతా తగ్గును. లెక్క చూడుడు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేసినచో ఒక యూనిటు. పాతరకపు పంఖా 75 వాట్లది, దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు 27 యూనిట్లు. క్రొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. పంఖా 30 వాట్లు మాత్రమే తీసికొనును గనుక 11 యూనిట్లకు లోపలనే తేలును. 60 వాట్ల పాతబుడ్డి అయిదు గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు ఒకటిన్నర యూనిటు కూడ కాదు. 2015 జనవరిలో ఆరంభమైన ఉజాల పథకముచే దీపముల సంగతి ఊరూర స్థిరపడినది. పంఖాలు మాత్రము ఇంకను పాతవే తిరుగుచున్నవి. మొదటి యూనిట్లకు తక్కువ ధరయు, పై యూనిట్లకు హెచ్చుధరయు నగుటచేత, మనము తగ్గించునవి హెచ్చుధర యూనిట్లే యగును.

నేలటూరువద్ద దామోదరం సంజీవయ్యగారి పేర నున్న విద్యుత్కేంద్రపు పొగగొట్టములు మీ మిద్దెలనుండియే కనబడును. 800 మెగావాట్ల యంత్రములు మూడు అక్కడ కలవు. మూడవదానిని 2022 అక్టోబరులో జాతికంకితము చేసిరి. ఇంటికి చేరు ఒక్కొక్క యూనిటునకు అక్కడ సుమారు అఱకిలో బొగ్గు కాలును, మేలిరకము కానిచో అంతకు పైన. పంఖా మార్చిన ఇంటివాడు నెలకు ఎనిమిది కిలోల బొగ్గు కాలకుండ చేసినవాడగును. ఆ బూడిద ప్రక్కనే కాపురముండు మనకు ఈ లెక్క దూరపు ముచ్చట కాదు.

మిగిలిన వస్తువులను గూర్చి సంక్షేపముగా చెప్పెదను. శీతలపు పెట్టె వెనుకవైపు గోడకు జానెడు ఎడముండవలెను. తలుపు అంచున కాగితము పెట్టి మూసి లాగగా సులభముగా వచ్చినచో రబ్బరు మార్పింపుడు. గదిని చల్లబఱచు యంత్రము గలవారు 24 డిగ్రీలకు తక్కువ పెట్టవలదు; వెలుపలి పెట్టె రేకులను నెలకొకసారి మంచినీటితో కడిగినచో ఉప్పు తినివేయదు. మోటారు ఆపినంతనే గొట్టములోని నీరు బావిలోనికి జాఱినచో అడుగు కవాటము చెడినదని అర్థము. ప్రతిమాఱును ఆ నీటిని మరల ఎక్కించు ఖర్చు మీదియే.

2024 ఫిబ్రవరిలో ఆరంభమైన సూర్యఘర్ పథకముక్రింద మిద్దెపై సౌరఫలకములు పెట్టుకొనుటకు కేంద్రప్రభుత్వము సాయము చేయుచున్నది. పెట్టుకొనుడు. కాని స్లాబునకు రంధ్రములు తొలిచి చట్రము బిగింపనీయవలదు. సిమెంటు దిమ్మెలపై నిలుపుమనుడు. చట్రము దట్టముగా జింకుపూత వేసినదో అల్యూమినియముదో కావలెను. లేనియెడల పైనుండి వచ్చిన లాభము క్రింద పెచ్చులలో పోవును.

చివరగా తీగెల మాట. ఉప్పుచెమ్మకు మీటలలోని అతుకులు పచ్చని చిలుము పట్టి వదులై వేడెక్కును. మీటపెట్టె ముట్టుకొనగా వెచ్చగా తోచినచో ఆ దినమే పనివానిని పిలువుడు. భూమిలో పాతిన ఎర్తు గొట్టము ఈ నేలలో త్వరగా త్రుప్పుపట్టును గనుక ఏటేట పరీక్ష చేయింపుడు. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారితప్పినంతనే తెంచివేయు మీట యొకటి దొరకును, ఆర్.సి.సి.బి. యని అడిగినచో ఇత్తురు. బట్టలారవేయుటకు ఇనుపతీగెను ఇంటికి విద్యుత్తు తెచ్చు స్తంభమునకో, రేకులచూరునకో కట్టు ఆచారము మన పల్లెలలో ఇంకను పోలేదు. తడిబట్ట చేతబట్టి ఆ తీగెను తాకిన ఆడువారు ఎందఱు ప్రాణములు కోల్పోయిరో మీరు విననివారు కారు. రేపు ఉదయమే ఆ తీగెను విప్పివేసి, దాని చోట నైలాను త్రాడు కట్టింపుడు.