చాటింపు మాత్రమే చాలునా?

తలారి డప్పు కొట్టి సర్కారువారి ఉత్తరువును చాటిన దినములు పెద్దలకు జ్ఞాపకమే. ఆ చాటింపునకు ఒక గుణముండెను. చాటినవాడు ఊరివాడే. విన్నవాడు అచ్చటనే నిలిచి, ఇది ఎవరి ఉత్తరువు, ఎప్పటినుండి అమలు, మాకు కలుగు కష్టనష్టములేమి అని అడుగగలిగెడివాడు. నేడు ఆ డప్పు స్థానమును చేతిలోని ఫోను ఆక్రమించినది. ముఖ్యమంత్రి కార్యాలయము మొదలు నల్లా బిల్లు వసూలు చేయు శాఖ వరకు ప్రభుత్వమువారు ఎక్స్, ఫేస్‌బుక్, వాట్సాప్‌ల మూలముననే ప్రజలతో మాటలాడుచున్నారు. చాటింపు వేగము వేయిరెట్లయినది. అడిగినవానికి బదులు చెప్పు బాధ్యత ఆ మేరకు పెరిగినదా? ఇదియే నేటి ప్రశ్న.

నిజాంపేట ఉదాహరణమునే తీసికొందము. ఒకనాడు పొలములతోను చెఱువులతోను నుండిన ఈ గ్రామము, హైటెక్ సిటీ ఉద్యోగుల నివాసములతో క్రిక్కిరిసిపోయినది. 2019లో బాచుపల్లి, ప్రగతినగరములతో గూడి నగరపాలక సంస్థయైనది. 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగర సంస్థలో విలీనము గావింపబడినది. ఏడేండ్లు నిండకమునుపే కార్యాలయపు పలక రెండుమారులు మారినది. 2016 సెప్టెంబరులో, ఇంకను పంచాయతీగా నున్నప్పుడు, తురక చెఱువు పొంగి బండారి లేఅవుట్ నీట మునిగినది. మేడలపై చిక్కువడినవారికి పడవలే గతియయ్యెను. అట్టి వేళ ప్రజలకు కావలసినది మంత్రిగారి ఛాయాచిత్రము కాదు. చెఱువుకట్ట గట్టిగా నున్నదా, ఏ త్రోవ నడవదగును, కరెంటు ఎప్పుడు వచ్చును అనునవియే కావలెను. నిలకడమీద నిజము తెలియునని సామెత. వరద వచ్చినచోట నిలకడకు తావెక్కడిది? అధికారి మౌనము వహించిన ప్రతి గంటయు వదంతికి ఇచ్చిన సెలవుచీటియే.

ఈ సాధనమును మేము నిరసించుటలేదు. 2023 జూలైలో భారీ వర్షములు కురిసినప్పుడు సైబరాబాదు పోలీసులు, కంపెనీల ఉద్యోగులు మూడు విడతలుగా ఇండ్లకు బయలుదేరవలెనని ముందుగనే తెలిపిరి. ఎవరు ఎప్పుడు ఏమి చేయవలెనో స్పష్టముగ చెప్పుట యన నిట్టిది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025 జనవరి 30న ‘మన మిత్ర’ యను పేర వాట్సాప్ ద్వారా 161 సేవల నారంభించినది. ఒక ధ్రువపత్రమునకై పదిమారులు కచేరీల చుట్టు తిరిగిన రైతునకు ఇది స్వల్పమైన మేలు కాదు.

అయినను కత్తికి రెండు అంచులు గలవు. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వాట్సాప్ వార్తలు ఉభయ తెలుగు రాష్ట్రములలో వ్యాపించి, అమాయకులు జనసమూహముల చేతిలో ప్రాణములు కోల్పోయిరి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన శ్రీమతి రెమా రాజేశ్వరి చేసిన పని స్మరణీయము. ఆమె గ్రామగ్రామమునకు పోలీసులను నియోగించెను. కళాకారులచే డప్పు కొట్టించి, పాటలు పాడించి, వచ్చిన వార్తను నమ్మకమునుపు విచారింపుడని ఊరివారికి బోధింపజేసెను. ఫోనులో పుట్టిన అబద్ధమును ముఖాముఖి మాట జయించినది. అసత్యమునకు మందు విశ్వాసము. విశ్వాసము ఆపద వచ్చిన దినమున అంగడిలో దొరకునది కాదు, ముందునుండి సంపాదించుకొనవలసినది.

ఈ పాఠము రాజధానిలోని పాలకుల కెక్కినట్లు కానరాదు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చేరువనున్న 400 ఎకరములలో చెట్లు కూల్చుట మొదలైనప్పుడు ఏమి జరిగెను? కృత్రిమ మేధతో కల్పించిన చిత్రములు కొన్ని దేశమంతట వ్యాపించినవి. అవి కల్పితములని ప్రభుత్వము పలికిన మాట వాస్తవమే. కాని కూలిన చెట్లు కల్పితములు కావు. సర్వోన్నత న్యాయస్థానము ఏప్రిల్ 3న ఆ పనుల నాపివేసినది. న్యాయస్థానము పంపిన అధికారి దాదాపు 100 ఎకరములలో నేల చదును చేయబడినదని తెలిపెను. చిత్రమును తిరిగి పంచిన సీనియర్ ఐఏఎస్ అధికారిణికి సైతము పోలీసు నోటీసు అందినది. భూమి పటమును, హక్కుపత్రములను, చెట్లు నరుకుటకు గల అనుమతులను మొదటిదినముననే తెలుగులో ప్రజల ముందుంచి యుండినచో, దొంగబొమ్మలకు ఇంతటి గిరాకి కలిగెడిదా? నిజమును దాచినవాడు అబద్ధమునకు పెట్టుబడి పెట్టినవాడే.

న్యాయస్థానములు ఈ విషయమున పలుమారులు హెచ్చరించినవి. సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ సెక్షనును 2015 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము రద్దు చేసినది. కేంద్రప్రభుత్వ వ్యవహారములను గూర్చిన వార్తలలో ఏది అసత్యమో ప్రభుత్వ విభాగమే తేల్చుటకు వీలు గల్పించిన 2023 నాటి నిబంధనను 2024 సెప్టెంబరులో బొంబాయి ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది. 2025 సెప్టెంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము, సామాజిక మాధ్యమములలోని వ్రాతలపై యాంత్రికముగ కేసులు నమోదు చేయరాదనియు, ముందు ప్రాథమిక విచారణ జరుపవలెననియు పోలీసులకు సూత్రములు విధించినది. సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి కావలెనన్న నిజాము కాలపు ‘గస్తీ నిషాన్ 53’ను అనుభవించిన నేల యిది. వాదియు న్యాయాధిపతియు ఒక్కడేయైన విచారణ యెట్లుండునో మనకు ఒరులు చెప్పనక్కరలేదు.

ఇక కర్తవ్యమేమి? ప్రభుత్వ ఖాతా పదవికి చెందినది. పదవిలో నున్నవానికి గాని, వాని పక్షమునకు గాని చెందినది కాదు. ప్రభుత్వము మారినపుడు పూర్వపు ప్రకటనలు మాయమైనవను ఫిర్యాదు 2024లో మన రాష్ట్రముననే వినవచ్చినది. పాత దస్త్రమును చింపివేయు గుమాస్తాను శిక్షింతుము. పాత ప్రకటనను చెరిపివేయువాని నేల క్షమింపవలెను? రెండవది, భాష. సమాచార హక్కు చట్టము, 2005లోని 4వ సెక్షను, సమాచారమును అడుగకయే స్థానిక భాషను దృష్టియం దుంచుకొని వెల్లడింపవలెనని చెప్పుచున్నది. వరద హెచ్చరిక ఇంగ్లీషులో వచ్చినచో మేడలోని ఉద్యోగికి చేరును. ఆ మేడ నేలమాళిగలో కాపురముండు కావలివానికి చేరదు. ఫోను లేనివానికై వార్డు కార్యాలయపు గోడపై అదే మాట వ్రాయింపవలెను. వీధిలో మైకు పెట్టి వినిపింపవలెను.

మూడవది, భద్రత. తెలంగాణ పోలీసులవారి ‘హాక్ ఐ’ యాప్‌లోనికే 2024లో దొంగలు చొరబడిరి. ఇల్లు కాచువాని ఇంటికే కన్నము పడినప్పుడు ఖాతాల తాళపుచెవులు ఎవరి చేతిలో నున్నవో ప్రతి శాఖయు విచారించుకొనవలదా? ఒక ఖాతా దొంగ చేతబడిన దినమున, చెఱువు తెగినదను ఒక్క అబద్ధమే నగరమును పరుగులెత్తించును. నాలుగవది, ఈ వేదికలన్నియు విదేశ వర్తకుల సొత్తు. ఒరుల అరుగుపై నిలిచి మాటలాడవచ్చును గాని, మన దస్త్రములను వారి ఇంట దాచుకొనరాదు. ప్రతి ప్రకటనయొక్క మూలప్రతి ప్రభుత్వమువారి సొంత స్థానమున, తేదీతోను, బాధ్యుడైన అధికారి హోదాతోను శాశ్వతముగ నుండవలెను. పొరపాటు పడినచో తుడిచివేయక, సవరణను దాని సరసనే ప్రకటింపవలెను.

రాజును మన నీతిశాస్త్రకారులు చారచక్షువనిరి. రాజు చారుల మూలమున రాజ్యమును చూచునని దాని తాత్పర్యము. నిజాంపేటలో గుంతపడిన రోడ్డును, పూడిన కాలువను, ఆక్రమణకు గురియైన చెఱువును చిత్రము తీసి పంపు పౌరుడు నేటి ప్రభుత్వమునకు జీతము లేని చారుడు. వాని ఫిర్యాదునకు ఇన్ని గంటలలో బదులని గడువు నిర్ణయించి, ఎన్నింటికి బదులు చెప్పిరో నెలనెలా ప్రకటించిన ప్రభుత్వమే ఈ సాధనమునకు అర్హమైనది. వాని మాటను వినక తన స్తోత్రమునే తాను చాటించుకొను ప్రభుత్వము, ఎన్ని లక్షలమంది అనుచరులను చూపినను, కన్నులు మూసికొని డప్పు కొట్టుకొనుచున్నదే యగును.